నాన్న కెమెరాకి దిష్టి చుక్క

మా బందరు ఉప్పుగాలికి కిటికీ ఊచలే పొరలు పొరలుగా రాలిపోతాయి. అలాంటి ఊళ్ళో ఫొటో స్టూడియో పెట్టినవాడు సగం పొద్దు ఫొటోలు తీస్తూ, సగం పొద్దు బూజు తుడుస్తూ బతకాలి. కోనేరు సెంటరుకి కాస్త ఇవతల, మా నాన్న స్టూడియోలో ఒక చెక్క బీరువా ఉండేది. దాని అడుగు అరలో అరవై వాట్ల బల్బు. వానాకాలం మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా అది రాత్రీ పగలూ వెలగాల్సిందే. పై అరల చెక్కలకి బర్మాతో వరసగా కన్నాలు వేయించాడు. బల్బు వేడి వాటిలోంచి పైకెక్కి కెమెరాలనీ లెన్సులనీ పొడిగా ఉంచాలని ఆ ఏర్పాటు. "ఇంట్లో మనుషులకి లేని వెచ్చదనం ఆ డబ్బాలకి!" అని అమ్మ సణిగేది, కరెంటు బిల్లు వచ్చిన రోజు ఇంకాస్త గట్టిగా. వాన ముసురు పట్టినప్పుడు మాత్రం మా తమ్ముడి చెడ్డీలు ఆ బీరువాలోనే ఆరేవి. దానికి నాన్న సణిగేవాడు.

ఆ బీరువాలో పెద్ద పీట యాషికా-డి కెమెరాది. నేను పుట్టకముందే మద్రాసు వెళ్ళి బర్మా బజారులో సెకండ్ హ్యాండులో కొన్నాడట. ముందు వైపు కిందొక లెన్సు, మీదొక లెన్సు. మీది చూడ్డానికి, కిందది ఫొటో తీయడానికి. పైన మూత ఎత్తి తల వంచి చూస్తే, నలుచదరపు గరుకు గాజు మీద లోకం కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. మనిషి కుడికి నడిస్తే బొమ్మ ఎడమకి నడుస్తుంది. 120 ఫిల్ము వేస్తే పన్నెండు చదరపు బొమ్మలు. ఫిల్ము చుట్టే నాబు వేరు, షట్టర్ ఎక్కించే మీట వేరు. అందుకని ఫిల్ము చుట్టకుండానే మీట మళ్ళీ ఎక్కించి, అదే బొమ్మ మీద రెండోసారి కొట్టొచ్చు. లెన్సుకి సగం నల్ల అట్ట అడ్డం పెట్టి, కుర్చీకి ఆ పక్కనా ఈ పక్కనా నేనే నిలబడ్డ ఫొటో ఒకటి తీశాడు నాన్న. స్కూల్లో దాన్ని చూపించి నాకు కవల చెల్లెలుందని చాలా రోజులు నమ్మించాను.

ఫోకస్ నాబు పక్కన, కెమెరా ఒంటి మీద, ఒక తెల్ల చుక్క ఉండేది. అగ్గిపుల్ల మొనతో పెట్టినంత. కంపెనీ వాళ్ళు చెక్కిన గీత ఒకటి ఎటూ ఉంది, దూరం అంకెలు చూసుకోవడానికి. ఈ చుక్క దానికి బొటనవేలి గోరంత దూరంలో, ఏ వరసా లేకుండా ఉండేది. అదేంటని అడిగితే, "దిష్టి చుక్కమ్మా. చంటిపిల్లకి బుగ్గన పెట్టమూ? ఇది నల్లపిల్ల కదా, దీనికి తెల్లది" అన్నాడు. నాకు అది చాలా న్యాయంగా తోచింది. పైగా ఫొటో కొట్టే ముందు "చుక్క" అని గొణుక్కునే అలవాటుండేది ఆయనకి. ఎప్పుడైనా మరిచిపోతే పక్కన లైటు పట్టుకుని నిలబడ్డ అమ్మ "చుక్క!" అని గుర్తు చేసేది. కుర్చీలో కూర్చున్న పిల్లలు చుక్క ఎక్కడుందా అని పైకి చూసేవాళ్ళు. ఆ ఫొటోల్లో సగం మందికి అందుకే కళ్ళు పెద్దవిగా ఉంటాయి.

నాన్న పోయాక స్టూడియో అద్దెకిచ్చేశాం. అమ్మ నా దగ్గరకి విజయవాడ వచ్చేసింది. కెమెరా తోలు సంచీతో సహా బీరువాలో పట్టుచీరల కింద పడుకుంది. బూజుకి తోలు సంచీ అంత ఇష్టమైన చోటు ఇంకోటి లేదని నాన్న నూరుసార్లు చెప్పాడు. అయినా జ్ఞాపకం కదా అని అందులోనే ఉంచాం. మొన్న వేసవి సెలవుల్లో తీసి చూస్తే కింది లెన్సు లోపల అంచున తెల్లటి సన్న పోగులు. ఫోకస్ నాబు బిగుసుకుపోయింది. షట్టర్ ఎక్కించి సెకను మీద పెట్టి నొక్కితే రేకులు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. ఊళ్ళో ఒకచోట చూపించాను. "షోకేసులో పెట్టుకోండి మేడం, అందంగా ఉంటుంది" అన్నారు. తమ్ముడు ఫోన్లో "అమ్మేద్దాం అక్కా, పాత కెమెరాలకి ఇప్పుడు గిరాకీ" అన్నాడు. కంపెనీకి రాద్దామంటే యాషికా 1983లోనే క్యోసెరాలో కలిసిపోయింది, 2005లో క్యోసెరా కెమెరాల పనే మానుకుంది. స్పేర్లకి దిక్కు లేదు. నేను పాలిటెక్నిక్‌లో ఫిజిక్స్ చెబుతాను. ఏటా పిల్లలకి లెన్సులూ అద్దాలూ బల్ల మీద పెట్టి చూపిస్తూ, ఇంట్లో ఉన్న రెండు లెన్సుల పెట్టెని విప్పడానికి జంకడమేమిటనిపించింది.

నాన్న సామాను పెట్టె అమ్మ జాగ్రత్తగానే దాచింది. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పనివాళ్ళ దగ్గర కొన్న శ్రావణాలు రెండు, చెవిపోగుల సీలలు తిప్పే సన్న పనిముట్లు, సైకిల్ పుల్లని ఆకురాయి మీద అరగదీసి చేసుకున్న స్క్రూడ్రైవరు. వాటితో పాటు నేను కొత్తవి కొన్నాను. పాత జపాన్ కెమెరాల ప్లస్ స్క్రూలకి మన బజారు స్క్రూడ్రైవరు సరిగ్గా కూర్చోదు. కొద్దిగా జారినా స్క్రూ తలని తినేస్తుంది, తర్వాత దాన్ని బయటికి లాగడం నరకం. జపాన్ కొలత మొనలు విడిగా దొరుకుతాయి, అవే వాడాలి. ఊడదీసిన స్క్రూల విషయంలో మాత్రం నాన్న పద్ధతే. బ్రోవైరా ఫొటో పేపరు డబ్బా మూతలో తెల్ల కాగితం పరిచి, దాని మీద కెమెరా బొమ్మ గీసి, ఏ మూల స్క్రూ ఆ మూల పెట్టడం. నాలుగూ ఒకేలా కనిపిస్తాయి కానీ పొడవులో తేడా ఉండొచ్చు. ఆ డబ్బా కూడా ఆయనదే. లోపల వాసన ఇంకా పోలేదు.

ముందు పై మూత చట్రం ఊడదీశాను, నాలుగు స్క్రూలు. గరుకు గాజుని పక్కకి తీస్తే అడుగున వాలుగా అద్దం కనిపిస్తుంది. పై లెన్సు నుంచి వచ్చిన బొమ్మని మీదకి తిప్పి గాజు మీద వేసేది అదే. ఇలాంటి చోట వాడే అద్దానికి పూత వెనక కాదు, ముందు ఉంటుంది. మొహం చూసుకునే అద్దంలో గాజు ముందుంటుంది, పూత వెనకుంటుంది. కెమెరాలో దీనికి విరుద్ధం. అందుకే వేలు తగిలినా, గట్టిగా తుడిచినా పూత ఊడిపోతుంది. కాబట్టి దుమ్ము మాత్రం గాలితో ఊది వదిలేద్దామని వంగి చూశాను. అంచులు నలుపెక్కాయి. ఒక మూల చెక్కు ఎగిరింది. చెక్కు ఎగిరిన చోట గాజు అడుగున మెరిసింది.

అనుమానం వచ్చింది. దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది, మా ల్యాబులో పిల్లల చేత చేయిస్తాను. పెన్సిల్ మొన అద్దానికి ఆనించి పక్కనుంచి చూడాలి. పూత ముందుంటే మొనా, అద్దంలో కనిపించే దాని నీడా ఒకదాన్నొకటి ముట్టుకుంటాయి. పూత వెనకుంటే రెండింటి మధ్య సందు ఉంటుంది, గాజు మందం వల్ల. ఆనించాను. సందు ఉంది. లైటు మార్చి చూశాను, ఉంది. అంటే ఇది జపాన్ నుంచి వచ్చిన అద్దం కాదు. ఎవరో మామూలు అద్దం ముక్కని, పైన వెడల్పూ కింద ఇరుకూ వచ్చేలా, చాలా నేర్పుగా కోసి కూర్చోబెట్టారు.

వెనక పూత అద్దంతో చిక్కేమిటంటే, వెలుగు గాజులోంచి లోపలికెళ్ళి, పూతని తాకి, మళ్ళీ గాజులోంచి బయటికి రావాలి. లెన్సు నుంచి గరుకు గాజు దాకా దారి కొంచెం పెరుగుతుంది. మిల్లీమీటరో, ఇంకాస్తో. పై లెన్సూ కింది లెన్సూ ఒకే పలక మీద కలిసి ముందుకీ వెనక్కీ కదులుతాయి. పైన దారి పెరిగింది, కింద ఫిల్ము దాకా దారి మారలేదు. కాబట్టి గాజు మీద మనిషి మొహం తేటగా కనిపించినప్పుడు, ఫిల్ము మీద తేటదనం మనిషి వెనక ఎక్కడో పడుతుంది. ఎనభై మిల్లీమీటర్ల లెన్సుకి ఆ మిల్లీమీటరు చిన్న తప్పు కాదు. ఎనిమిదడుగుల దూరంలో కూర్చున్న మనిషికి పెట్టిన ఫోకస్ మనిషిని దాటి వెనక తెర మీదకి పోతుంది.

మరి నాన్న ఫొటోల్లో మొహాలు అంత బాగా ఎలా వచ్చాయి?

ఆ రాత్రి బిగుసుకున్న నాబుని కాస్త వదులు చేసి, కెమెరాని భోజనాల బల్ల మీద పెట్టాను. వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఆనే పట్టాల మీద బటర్ పేపరు ముక్క అతికించాను. షట్టర్‌ని బి మీద పెట్టి తెరిచి ఉంచితే కింది లెన్సు వేసే బొమ్మ ఆ కాగితం మీద తలకిందులుగా పడుతుంది. ఎదురుగా గోడకి తిరుపతి క్యాలెండరు, దాని మీద టేబుల్ లైటు. పైన గరుకు గాజు మీద క్యాలెండరు అంకెలు తేటగా వచ్చేదాకా తిప్పాను. వెనక కాగితం మీద భూతద్దం పెట్టి చూస్తే అంతా అలుక్కుపోయి ఉంది. అనుకున్నదే. అప్పుడు కాగితం మీదే చూస్తూ నాబుని మెల్లగా తిప్పుకుంటూ వచ్చాను. ఆదివారాల ఎర్ర అంకెలు విడివిడిగా తేలాయి. అక్కడ ఆపి నాబు చూశాను. ఇందాక కంపెనీ గీతకి ఎదురుగా ఉన్న అంకె ఇప్పుడు తెల్ల చుక్కకి ఎదురుగా ఉంది.

క్యాలెండరుని హాలు చివరికి మార్చి చూశాను. దగ్గరకి లాగి చూశాను. ఎంత దూరం పెట్టినా గాజు మీద సరిచేసి, గీత దగ్గరున్న అంకెని చుక్క దాకా తిప్పితే చాలు, కాగితం మీద బొమ్మ తేటగా పడుతోంది. ఆలోచిస్తే అంతే కావాలి మరి. అద్దం వల్ల వచ్చే తేడా మనిషి దగ్గరున్నా దూరమున్నా మారదు. నాబు తిప్పిన కొద్దీ లెన్సు సమంగా ముందుకి వస్తుంది. కాబట్టి ఎప్పుడూ అంతే కొలత తిప్పాలి. ఆ కొలతే చుక్క.

నాకు మంగినపూడి బీచి గుర్తొచ్చింది. కార్తీక పౌర్ణమికి వెళ్ళినప్పుడు కెమెరా మెడలో వేయించుకుని గాజులోకి చూస్తే సముద్రం చివర ఎప్పుడూ మసగ్గానే ఉండేది. ఎంత తిప్పినా తేటపడేది కాదు. సముద్రం అంటే అంతేనేమో అనుకునేదాన్ని. అనంతానికి పెట్టిన ఫోకస్ ఆ అద్దంలో కనిపించే వీలే లేదని ఇప్పుడు తెలిసింది. నాన్న సముద్రం ఫొటోలు గాజు చూడకుండా, నాబుని చివరిదాకా తిప్పేసి తీసేవాడు. తీరిక లేకనేమో అనుకున్నాను.

పొద్దున్నే కాఫీ దగ్గర అమ్మనడిగాను. "ఏమ్మా, ఆ చుక్క దిష్టి కోసం కాదుగా?"

అమ్మ నావైపు వింతగా చూసింది. "దిష్టేంటే? అది ఫోకస్ చుక్క. ఉప్పెన తర్వాత పెట్టారు."

ఇన్నేళ్ళూ అడిగితే చెప్పేది, నేనే అడగలేదు. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన రాత్రి. ఆ గాలికి స్టూడియో పైరేకులు లేచిపోయాయి. బీరువా మీద గోడ ముక్క పడి తలుపు ఊడింది. కెమెరా తోలు సంచీలోనే ఉన్నా నానిపోయింది. దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళే పోతే ఇది లెక్కలోకి వచ్చే నష్టం కాదని నాన్న ఎప్పుడూ దాని గురించి మాట్లాడలేదట. నీళ్ళు కార్చి ఆరబెట్టాడు. అద్దం మీద ఉప్పు మరకలు కట్టాయి. మెత్తటి బట్టతో తుడిస్తే మరకతో పాటు పూత కూడా బట్టకి వచ్చేసింది. మద్రాసు వెళ్ళి కొత్తది వెతికే డబ్బూ లేదు, వ్యవధీ లేదు. దేవుడి పటాలు కట్టే కొట్టుకి వెళ్ళి, పాత అద్దాన్ని కొలతకి పెట్టి, మామూలు అద్దం కోయించుకొచ్చాడు.

"గాజు మీద బొమ్మ బంగారంలా కనిపించిందే. ఫొటోలో మాత్రం మొహాలు పాడు. ఆ సంక్రాంతికి తీసినవన్నీ తిరిగొచ్చాయి. డబ్బులు వెనక్కిచ్చాం. ఫిల్ము దండగ, పేపరు దండగ. వారం రోజులు అన్నం తినలేదు మీ నాన్న."

అప్పుడు వచ్చాడట కంపెనీ బాబాయి. బందరులో 'సైంటిఫిక్ కంపెనీ' అంటే ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ, ల్యాబుల్లో వాడే పరికరాలు చేసే పాత సంస్థ. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఊరి చివర చేపల వలలు, ఊరి నడుమ లెన్సులు, మా బందరు అలాంటిది. బాబాయి అందులో పనిచేసేవాడు. అద్దం చూడగానే "ఇది వెనక పూత అద్దంరా, ముందు పూతది కావాలి. శూన్యంలో అల్యూమినియం ఆవిరి పట్టించి చేస్తారు, పటాల కొట్టులో దొరకదు" అన్నాడట. దొరికేదాకా ఏం చేయాలన్నది నాన్న ప్రశ్న. స్టూడియో అరుగు మీద రాత్రి పొద్దుపోయేదాకా ఇద్దరూ బటర్ పేపరు, కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నారట. తెల్లారి సైకిల్ మడ్‌గార్డుల మీద పేర్లు రాసే అతని దగ్గర కాస్త తెల్ల ఎనామిల్ తెచ్చి చుక్క పెట్టారు. నేను నా భోజనాల బల్ల మీద చేసిన పరీక్షే వాళ్ళూ చేశారన్నమాట, క్యాలెండరుకి బదులు కొవ్వొత్తితో.

ఆల్బములు దింపాను. స్టూడియో నకళ్ళన్నీ తారీఖులతో అంటించి ఉన్నాయి, నాన్న చేతిరాత. 1978 సంక్రాంతి పుట దగ్గర ఆగాను. ఓణీల ఫంక్షన్ అయిన అమ్మాయి ఒకతి పట్టు లంగాలో కుర్చీ మీద. వెనక తెర మీద రాజుగారి మేడ, కొలను, రెండు హంసలు. నాటకాలకి తెరలు రాసే ఆయన రాసిన తెర అది. హంసల ముక్కులు, వాటి కింద నీటి అలలు, తెర మడత పడిన చోట రంగు పగిలిన గీతలు, అన్నీ గీసినట్టు పడ్డాయి. అమ్మాయి మొహం మాత్రం మసక. ఆ పక్క పుటలోనూ అంతే, తాతగారి మీసం కంటే మేడ మెట్లు స్పష్టం. రెండు పుటలు తిప్పితే మాఘమాసం పెళ్ళిళ్ళు. బాసికం మీద పూసలు లెక్కపెట్టొచ్చు. వెనక హంసలు కాస్త మెత్తబడ్డాయి. ఈ ఆల్బముని చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. హంసల్ని చూసి మురిసిపోయాను కూడా.

ముందు పూత అద్దం తర్వాతెప్పుడైనా దొరికి ఉండేది. నాన్న మార్చలేదు. ఎందుకని అమ్మనడిగితే "అలవాటైపోయింది కదా" అంది. నాకైతే ఇంకో కారణం కూడా తోస్తుంది. నాన్నకి సరైన సామాను మీద కంటే సరిపెట్టుకునే లెక్క మీద మక్కువ ఎక్కువ. డార్క్‌రూమ్‌ తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో రాసుకున్న, ఫిల్ము కడిగే డెవలపరు పాళ్ళు నాకిప్పటికీ నోటికొచ్చు. లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. దాని వేడి 20 డిగ్రీలుండాలి. బందరు మే నెలలో కుళాయి తిప్పితే టీ పెట్టుకునే నీళ్ళొస్తాయి. వేడి ఎక్కువైతే ఫిల్ము త్వరగా నల్లబడిపోతుంది, పైన జెలటిన్ పొర మెత్తబడి వేలికి వచ్చేస్తుంది. అందుకని చేపలకి వేసే ఐసు తట్టలో తెచ్చి, దాని మధ్యలో డెవలపరు సీసా పెట్టేవాడు. ఎర్రబల్బు వెలుతురు, హైపో ఘాటు, ఆ ఐసుతో పాటు వచ్చిన చేపల నీచు. మా తరం స్టూడియో పిల్లల్ని కళ్ళు మూసి ఆ గదిలో నిలబెట్టినా ఎక్కడున్నారో చెబుతారు.

నా సంగతికొస్తే, నేను అద్దం మార్చాను. మా కాలేజీలో అటక మీద పారేసిన ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లు ఉన్నాయి. ఎల్‌సీడీలు వచ్చాక వాటి మొహం చూసినవాడు లేడు. వాటి తల దగ్గర వాలుగా ఉండే అద్దం ముందు పూతదే. పెన్సిల్ ఆనిస్తే మొనా నీడా కలుసుకున్నాయి. రాతకోతలు పూర్తిచేసి, స్క్రాపు ధర కట్టి ఒకటి తెచ్చుకున్నాను. కోయించడానికి మళ్ళీ పటాల కొట్టే. పూత లేని వైపు వజ్రం గీత పెట్టమని, పూత వైపు చెయ్యి తగలనీయొద్దని చెబితే, కొట్టు కుర్రాడు "మొహం చూసుకోడానికి కాదా మేడం?" అన్నాడు. నాన్న కోయించిన ముక్కనే కొలతకి ఇచ్చాను. అచ్చంగా అదే వాలు, అదే చెక్కుడు. చట్రంలో కూర్చోబెట్టి, మళ్ళీ బటర్ పేపరు అతికించి చూస్తే, గాజు మీదా కాగితం మీదా క్యాలెండరు ఒకేసారి తేటపడింది, కంపెనీ గీత దగ్గరే.

మిగతా పనులు చెప్పుకోదగ్గవి కావు, ఓపిక కావాలంతే. కింది లెన్సు ముందు గాజుని రబ్బరు బిరడా ఆనించి తిప్పితే ఊడి వస్తుంది. లోపల షట్టర్ రేకులు కనిపిస్తాయి. వాటి మీద పాత నూనె జిగురుగా మారి ఉంటుంది. సిగరెట్ లైటర్లలో పోసే పెట్రోలు ఒక్క చుక్క సన్న కుంచెతో రాసి, షట్టర్ ఎక్కించి కొట్టడం, ఆరనివ్వడం, మళ్ళీ రాయడం. రేకులు వదులయ్యాయి కదా అని నూనె వేశారో, మళ్ళీ మొదటికే వస్తుంది. అవి పొడిగానే ఆడాలి. బూజుకి హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కాస్త అమ్మోనియా కలిపి, దూదితో మధ్య నుంచి అంచుకి తుడిచాను. పోగులు పోయాయి. ఒకటి రెండు చోట్ల గాజు పూతనే తిన్నాయి, ఆ గుర్తులు ఉండిపోతాయి. తోలు సంచీని అటక ఎక్కించేశాను. కెమెరా ఇప్పుడు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాల మధ్య ఉంటోంది. బల్బు బీరువా ముందు దీని అందమేముంది కానీ, అమ్మ మాత్రం కరెంటు ఖర్చు లేదని మెచ్చుకుంది.

120 రోలు ఆన్‌లైన్లో తెప్పించాను. పన్నెండు ఫొటోలకి ఇంత డబ్బా అని అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. ఊటీలో ఇందు ఫిల్ము తయారయ్యే రోజుల ధరలే ఆవిడ మనసులో ఉన్నాయి. అయినా ఫొటో అనగానే చీర మార్చుకొచ్చింది. కిటికీ పక్కన కుర్చీ తనే జరుపుకుని, గడ్డం ఎంత ఎత్తాలో తనే ఎత్తుకుని కూర్చుంది. నేను గాజులోకి వంగి ఆవిడ కళ్ళద్దాల అంచు మీద ఫోకస్ పెట్టి, మీట ఎక్కించి, నొక్కబోతుంటే, పెదవి కదపకుండా "చుక్క" అంది.

"అక్కర్లేదమ్మా ఇప్పుడు. అద్దం మార్చానుగా."

"ఏమో. ఆయనెప్పుడూ తిప్పకుండా కొట్టలేదు."

రోలు ఇంట్లోనే కడిగాను, ల్యాబు కెమికల్స్ అమ్మే కొట్టులో అన్నీ దొరికాయి, తలుపు మీది పాళ్ళతోనే. నెగటివ్ బాల్కనీ తీగకి ఆరేస్తే, ప్రింటు కోసం ఆగకుండా అమ్మ వెళ్ళి దాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుంది. స్టూడియోవాడి పెళ్ళాం కదా, నెగటివ్‌లో మొహాలు మనం ఫొటో చూసినంత సులువుగా చూస్తుంది. నల్లటి చెంపలు, తెల్లటి కనుపాపలు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "కళ్ళ దగ్గరే పడింది" అంది. "ఎడం చెంప మీద వెలుగు ఎక్కువైంది. ఒక తెల్ల దుప్పటి కుడి వైపు పట్టుకుంటే సరిపోయేది, పట్టుకునే మనిషిని నన్నే కుర్చీలో కూర్చోబెట్టావు."

తర్వాత వంటింట్లోంచి కిరసనాయిలు గుడ్డ తెచ్చి నా చేతికిచ్చింది. "ఆ చుక్క తుడిచెయ్యి. ఇంక దానితో పని లేదు. రేపు మీ తమ్ముడొచ్చి, నాన్న చుక్క కదా అని తిప్పి కొట్టాడంటే ఈసారి మొహం ముందు గాలికి పడుతుంది ఫోకస్."

లెక్క ప్రకారం ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. తమ్ముడు వీడియో కాల్లో చుక్క చూపించమన్నాడు, చూసి, తుడిస్తే ఊరుకోనన్నాడు. మొన్నటిదాకా కెమెరానే అమ్మేద్దామన్నవాడు. అమ్మ వారం వారం అడుగుతూనే ఉంది. ఒక సెకను స్పీడు ఇంకా సెకనున్నర పైనే లాగుతోంది, దసరా సెలవుల్లో ముందు పలక మీది తోలు లేపి, కింద స్క్రూలు తీసి, లోపలి గేర్లు కడగాలి. ఎటూ అప్పుడు పలక తీస్తాను కదా, చుక్క సంగతి కూడా అప్పుడే చూద్దామని ఇద్దరికీ చెప్పాను.